తోటికోడలు అన్న మాట

ఉప్పెనలో భర్త కొట్టుకుపోయిన రెండేళ్లకు గంగాదేవికి చెప్పుకోలేని చోట దురద పట్టుకుంది. పెరుగు విరిగినట్టు తెల్లగా అవుతోందని తోటికోడలు అంకమ్మ ఒక్కదానికే చెప్పింది.

మర్నాటికల్లా గిలకలదిండిలో చేపల వేలం దగ్గర ఆడవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు. "మొగుడు లేని మనిషికి ఆ రోగం ఎవడంటించాడో" అందట అంకమ్మ.

బందరులో డాక్టరమ్మ పరీక్ష చేసి, మూత్రం కూడా చూసింది. "నీకు షుగరుందమ్మా. దానివల్లే బూజులాంటిది పట్టింది. దీనికి ఏ మగాడూ అక్కర్లేదు" అని మందులు రాసిచ్చింది.

గంగాదేవి ఆ చీటీతో తిన్నగా అంకమ్మ ఇంటికే వెళ్లింది.

"ఎవరిచేతైనా చదివించుకో. రేపు వేలం దగ్గర అందరి ముందూ చెప్పు, తప్పు కూశానని."

అంకమ్మ లేచి తలుపు మూసి వచ్చింది.

"ఆ డాక్టరమ్మ, మొగుడికి తెలీకుండా చూస్తారా అక్కా?"

"ఎవర్ని?"

"నన్నే. ఏడాదిగా నాకూ ఉంది. మా ఆయనకి తెలిస్తే, నేను నిన్ను అన్న మాటే నన్నూ అంటాడు."

గంగాదేవికి కోపం తగ్గలేదు.

"పొద్దున్నే తయారుగా ఉండు, తీసుకెళ్తాను. వేలం దగ్గర ఆ మాట చెప్పిందాకా మాత్రం నాతో మాట్లాడకు."