క్రియాపదం

మలుపు తిరిగి వీధిలోకి వచ్చిన పెద్ద మోటారుసైకిలు మీద ఒక్కడే కనిపించాడు. పొద్దున బయలుదేరినప్పుడు ఇద్దరు.

గేటు దగ్గర నిలబడ్డ శోభనాద్రి గారు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. అప్పటికీ ఒక్కడే. ఆ వస్తున్నది తన కొడుకు రవికుమార్ కాదు. వాడి స్నేహితుడు శామ్యూల్ రాజ్. అతని బండి వెనక రెండు చక్రాల ట్రైలరు, దాని మీద పట్టీలతో బిగించిన రవికుమార్ డర్ట్ బైకు. హంసలదీవి ఇసుకలో తోలాలని ఉదయం కోడూరు నుంచి ఇదే వరుసలో వెళ్ళారు. అప్పుడా ట్రైలరు ఎగిరెగిరి పడుతూ పోయింది. ఇప్పుడు ప్రతి గుంత దగ్గరా ఆగి, నిద్రపోతున్న మనిషిని మోసుకొస్తున్నట్టు మెల్లగా వస్తోంది.

"మావయ్య గారూ, ఆయనేరండీ?" కోడలు రాజకుమారి పరుగున వచ్చింది. ఆమె చేతిలో ఫోను. రెండు గంటలుగా భర్తకు చేస్తూనే ఉంది, అటునుంచి పలుకు లేదు. "ఆ బండికి ముందు లైటేదండీ? నంబరు ప్లేటు కూడా ఊడిపోయినట్టుంది."

"ఊడిపోలేదమ్మా. ఆ జాతి బండికి పుట్టుకతోనే ఉండవు. రోడ్డు మీద నడపకూడదు కనుకనే గదా అలా కట్టి లాక్కువెళ్ళడం."

"మరి హ్యాండిలు వంకరపోయిందేంటండీ?"

ఆయన గేటు బార్లా తెరిచి పక్కకు జరిగారు.

శామ్యూల్ ఇంజను ఆపాడు గాని దిగలేదు. మోచేతుల దాకా ఇసుక. చొక్కా మీద ఒక పక్కంతా తడి ఆరిన మరక.

"మావాడేడయ్యా?" అన్నారు శోభనాద్రి గారు.

"బండిని ఇసకల ఇడిసిపెట్టొద్దు, ఇంటికాడ అప్పజెప్పుమన్నడు సార్." శామ్యూల్ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రాజకుమారి వైపు తిరిగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ అన్నాడు. "అన్న పోయాడు వదినా."

ముందు ఫోను నేల మీద పడింది. ఆ వెనకే ఆమె. అరుగు అంచు తలకు తగలకుండా శోభనాద్రి గారు పట్టుకోగలిగారు. ఇద్దరూ మెట్టు మీద కూలబడ్డారు. పొద్దున ఇడ్లీ తింటూ, "ఒక రౌండు మీరూ ఎక్కండి నాన్న గారూ" అని ఆటపట్టించినవాడు. వాడు పోవడమేమిటి?

పోవడం. ఆ మాట దగ్గరే ఆయన ఆలోచన టక్కున ఆగింది.

"శామ్యూల్, మీదే ఊరన్నావు?"

"హుజూరాబాద్ సార్. గని నేను..."

"అదీ సంగతి." ఆయన గొంతులోకి తరగతి గది తిరిగి వచ్చింది. "లేమ్మా, లేచి కూర్చో. కొంపలేం మునగలేదు. నేను వరంగల్లో నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. చేరిన రోజున హాజరు వేస్తూ 'యాదగిరి' అని పిలిస్తే, 'పోయిండు సార్' అన్నారు పిల్లలు. నేను పుస్తకం మూసి, క్లాసునంతా లేపి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాను. అది పూర్తయ్యేలోగానే యాదగిరి సమోసా నములుతూ లోపలికొచ్చాడు."

రాజకుమారి ఏడుపు మధ్యలోనే ఆయన ముఖంలోకి చూసింది.

"వాళ్ళకు పోవడమంటే వెళ్ళడం. అంతేనమ్మా. చావన్న అర్థం మనకే. హ్యాండిలు వంగింది కనుక, కొత్తది తేవడానికి అటునుంచి అటే విజయవాడ బస్సెక్కి ఉంటాడు. బండిని వీడితో పంపాడు. విన్నావుగా, ఇంటి దగ్గర అప్పజెప్పమన్నాడట."

"సార్, జెర నా మాట..."

"నువ్వాగవయ్యా. నీ తప్పేమీ లేదు. తప్పంతా ఒక్క క్రియాపదానిది."

"నిజంగానా మావయ్య గారూ?"

"భాష చెప్పి బతికినవాడిని. ఆ మాత్రం తెలియదా?"

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, "చంపేశావు కదా తమ్ముడూ, ఇంకాసేపైతే నా ప్రాణమే పోయేది," అంది. "ఎండన పడి వచ్చావు, మజ్జిగ తెస్తానుండు. ఫోనెత్తని ఆ మనిషి సంగతి వచ్చాక చెప్తా." లోపలికి వెళ్ళింది.

శోభనాద్రి గారు ఫోను తీసి దుమ్ము దులిపారు. అద్దం పగల్లేదు. శామ్యూల్ ఇంకా బండి మీదే ఉన్నాడు. వంచిన తల ఎత్తలేదు, భుజాలు అదురుతున్నాయి. నవ్వు ఆపుకుంటున్నాడేమోనని ఆయన కూడా నవ్వబోయారు.

"ఇంతకీ మావాడు ఏ ఊరు పోయిండయ్యా?" ఆ యాసను కాస్త గర్వంగానే పలికారు.

శామ్యూల్ తలెత్తాడు. చెంపల మీది ఇసుకలో రెండు తడి చారలు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"నేను పోయిండు అనలే సార్," అన్నాడు. "మీకు తప్పర్థం కావద్దని, దారంతా మీ మాటనే నేర్చుకుంట వచ్చిన. పోయాడు అనే చెప్పిన."