ప్రశాంతి తరఫున

“డాక్టర్ల మీద కేసులు నేను పట్టనమ్మా,” అంటూ లాయరు కాగితాల కవరును వెనక్కి తోశాడు. “అందులోనూ ఆయన మీద! మా నాయనకు ప్రాణం పోసినాడు. శానా మంచోడు.”

“మంచోడే నాయనా. కాదని ఎవురన్నారు?” అంది వెంకటసుబ్బమ్మ. కవరు తీసుకుని, ప్రశాంతి చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది.

ప్రొద్దుటూరు ఎండకు రోడ్డు కాలిపోతోంది. పొద్దున జమ్మలమడుగు బస్సు దిగినప్పటి నుంచీ ఎక్కడికి పోయినా వాళ్లకు ఇదే జవాబు. ప్రశాంతి ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు. గొంతులో గడ్డ తీయించుకున్న నాటి నుంచి ఆమెకు గుసగుసే మిగిలింది. ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగమూ పోయింది.

వెంకటసుబ్బమ్మ ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది.

“ఇంటికి పోదాం అత్తా.”

“ఇంగొక్కరిని అడిగి పోదాంలే. ముందు నువ్వు రోంత మజ్జిగ తాగు.”

కోర్టు వెనక సందులో అమూల్య అనే లాయరు ఉందని మజ్జిగ అమ్మే ఆమె చెప్పింది.

అమూల్య వాళ్లను కూర్చోబెట్టి కాగితాలన్నీ చదివింది. లేచి వచ్చి ప్రశాంతి మెడ మీది కుట్ల మచ్చ చూసింది.

“కడపలో వినియోగదారుల కమిషన్ ఉంది. ఆడ కేసు వేయొచ్చు. కానీ పెద్దమ్మా, ఈ కేసు షీట్లో అంతా సక్రమంగా జరిగినట్టే రాసుకున్నారు. తప్పు యాడ జరిగింది?”

“ఆపరేషన్ మధ్యలో ఫోనొస్తే డాక్టరు బయటికి పోయినాడు. ఇంకా చెయ్యి తిరగని పిల్లోనికి అప్పజెప్పినాడు. గొంతు నరం తెగింది.”

“మీకెట్ల తెలుసు?”

“డాక్టరే చెప్పినాడు. నా ముందర ఏడ్చినాడు గూడా.”

“ఇంగెవరన్నా విన్నారా?”

“లేదు.”

అమూల్య కాగితాలు పక్కన పెట్టింది. “మీకు ఏం జరగల్లని ఉంది పెద్దమ్మా?”

“ఈ పాపకు గొంతొచ్చే వైద్యం జరగల్ల. ఆ డాక్టరు చేసింది నలుగురిలో ఒప్పుకోవల్ల. దాచిపెట్టుకుంటే ఆ మనిషీ బాగుపడడు.”

“కేసు నేను తీసుకుంటా,” అంది అమూల్య. ప్రశాంతి కళ్లు చెమర్చాయి. “కానీ మీ ఒక్కరి సాక్ష్యం నిలబెట్టేది కష్టం. కోడలి కోసం అత్త అల్లిన మాటలంటారు.”

వెంకటసుబ్బమ్మ ఏదో చెప్పబోయేసరికి ప్రశాంతి ఆమె కొంగు గట్టిగా పట్టుకుంది. గొంతులో ఉన్న బలమంతా కూడగట్టుకుంది.

“వద్దత్తా. చెప్పొద్దు. నీకు ఇల్లుండదు.”

వెంకటసుబ్బమ్మ ఆ పిల్ల తల నిమిరింది. చెమటకు అంటుకున్న వెంట్రుకలను చెవి వెనక్కి సర్దింది. తర్వాత అమూల్య వైపు తిరిగింది.

“ఈ పాప నా కోడలు కాదు తల్లీ. మా వీధి పిల్ల. వరసకు అత్తా అంటాది.”

“మరి ఆ డాక్టరు మీ ముందర ఎందుకు ఏడ్చినాడు?”

“వాడు నా కొడుకు తల్లీ.”