గిన్నె వంచిన ముసలాయన

సుగిమాన్ పెంచిన పిట్టను చంపింది జబ్బు కాదు. యాంటీబయాటిక్‌ను పిట్టమేతతో పాటు అమ్మిన మీ బజారు చంపింది. "గెలిచేవాళ్ళంతా ఇదే పోస్తారు" అని చెవిలో ఊదిన మీరు చంపారు.

ఒక ఆదివారం, జావాలోని క్లాటెన్ ఊరి మైదానంలో పిట్టల పాటల పందెం.

సుగిమాన్ పందేనికి తెచ్చిన తన మురాయ్ పాటల పిట్టకు కీచురాళ్ళు తినిపించాడు. క్యాప్సూల్ విప్పి, పచ్చటి పొడిని నీళ్ళ గిన్నెలో కలిపాడు. పిట్టకు ఏ రోగమూ లేదు. రాకుండా ఉండాలని, అంతే.

జావా పందెగాళ్ళలో అది కెర్తో తాత పద్ధతి. ఓటమి ఎరగని ఆ తాత ముఖం సుగిమాన్ ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన పేరు తలచుకోకుండా గిన్నె నింపేవాడు కాదు.

వెలిసిన బాతిక్ చొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు వచ్చి, ఆ గిన్నె తీసి నేల మీద వంచేశాడు.

"బుద్ధుందా తాతా? ఎవడు పంపాడు నిన్ను?"

"ఎవడూ పంపలేదు నాయనా. జబ్బు లేని పిట్టకు మందెందుకు? రేపు నిజంగా జబ్బు చేస్తే ఇది పనిచెయ్యదు."

"కెర్తో తాత కంటే నీకెక్కువ తెలుసా?"

"ఆయనకే తెలియలేదు," అన్నాడు ముసలాయన మెల్లగా.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిట్ట లేనివాడికి పందెం మీద ఏడుపన్నారు. సుగిమాన్ అతన్ని బయటికి గెంటించి, గిన్నె మళ్ళీ నింపాడు.

వానలు మొదలయ్యాక పిట్ట ఈకలు ఉబ్బించుకుని మూలకు ముడుచుకుంది. పాట ఆగిపోయింది. సుగిమాన్ పొడి పెంచాడు. పెంచినకొద్దీ పిట్ట నీళ్ళు ముట్టడం మానేసింది.

చివరికి పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె రెట్ట పరీక్ష చేయించి తల అడ్డంగా ఊపింది.

"క్రిమి ఈ మందుకు ఎప్పుడో అలవాటు పడిపోయింది. చిటికెడు చిటికెడు పోసి మీరే రాటుదేల్చారు."

వేరే మందు మొదలుపెట్టింది. అది ఒంటబట్టేలోపే పిట్ట పోయింది.

తన కలపడంలో తప్పెక్కడుందో అడుగుదామని, సుగిమాన్ కెర్తో తాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

వసారా నిండా పంజరాలు. ఒక్కదానిలోనూ పిట్ట లేదు.

"అన్నీ ఒకే జబ్బుతో పోయాయన్నా," అంది తాత కూతురు. "నాన్న ఇంట్లో లేరు. సోలో ఊళ్ళో ఇవాళ పందెం ఉందిగా, గిన్నెలు వంచడానికి వెళ్ళారు."

ఇక మీరు వంచండి. డాక్టరు చూడని పిట్టకు, కుక్కకు, పిల్లికి మీరు కలిపిన ఆ గిన్నె. ఇప్పుడే.