గీత పడిన పేరు

‘సంఖ్య’ లాంటి కొన్ని పేర్లను మనం రాసిన ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ తనకే అట్టిపెట్టుకుంటుంది. వాటిని మనం వాడితే, తనవాటితో కలిసిపోకుండా మనవాటి చివర ఒక గీత తగిలిస్తుంది. ఆ ఏర్పాటు రాసింది అతనే.

ఆఫీసులో అందరూ వెళ్లిపోయాక, అది మామూలు పేర్ల జోలికి పోవడం లేదు కదా అని చూడటానికి కూతురి ముద్దుపేరు కొట్టాడు. తెరమీద ‘గువ్వ_’ అని పడింది. ఈ పేరు అది ఎప్పుడు అట్టిపెట్టుకుంది? గీత చెరిపాడు. మళ్లీ వచ్చింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

“గువ్వ పడుకుందా?”

“లేదండీ, కళ్లు తెరిచే ఉంది. పేరుపెట్టి ఎంత పిలిచినా పలకట్లేదు.” అంది భార్య.

“ఫోను దాని చెవి దగ్గర పెట్టు.”

పిల్ల ఊపిరి వినిపించింది.

“గువ్వా,” మెల్లగా పిలిచాడు.

ఫోనులో ఊపిరి అలాగే సాగుతోంది. అతని వెనక, తాళం వేసిన సర్వర్ల గదిలోంచి, “ఊఁ, నాన్నా” అని వినిపించింది.