వేరు కంచం

"ఆ గ్లాసు ముట్టుకోకు!" గోవిందరాజులు కేక వీధిలోకి వినిపించింది.

పద్మావతి చెయ్యి వెనక్కి తీసుకుంది. ముప్పయ్యేళ్ళుగా మొగుడు తిని లేచిన కంచంలోనే అన్నం పెట్టుకు తిన్న మనిషి. ఐనవిల్లిలో ఆ ఇంటి ఆచారం అది. ఇప్పుడావిడకి పెరటి అరుగు మీద ప్లాస్టిక్ ప్లేటు, విడిగా ఓ చెంబు. వంటింట్లోకి రానివ్వడం లేదు. తోడికోడలు రేవతి వండి పెడుతోంది.

ఇదంతా అమలాపురం డాక్టరమ్మ దగ్గర మొదలైంది. మొగుడూ పెళ్ళాలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

"కడుపులో క్యాన్సరండీ. కణితిలో ఒక వైరస్ కనిపించింది. అదున్న కణితిలో డీఎన్‌ఏకి మిథైల్ అనే రసాయనం విపరీతంగా అంటుకుంటుంది. దాంతో కొన్ని జన్యువులు పనిచేయడం మానేస్తాయి. అన్ని కీమో మందులూ ఒకేలా పనిచేయకపోవచ్చు. చూసి మొదలెడదాం. సోమవారం రండి."

"ఆ వైరస్ ఎలా వస్తుందండీ?" గోవిందరాజులు అడిగాడు.

"ఎంగిలి ద్వారా. చాలామందికి చిన్నప్పుడే వచ్చేసి ఒంట్లో ఊరికే పడుంటుంది. మీ ఇద్దరిలోనూ ఉండే ఉంటుంది, నాలోనూ ఉండొచ్చు. దాన్ని చూసి భయపడక్కర్లేదు."

అతని చెవికి ఎంగిలి అన్నంతవరకే ఎక్కింది. ఛీ! ఎకరాల కొద్దీ కొబ్బరితోట ఉంది గానీ బుర్రలో గుంజంతా పీచే. తిరుగు ప్రయాణంలో ఆవిణ్ణి ముందు సీట్లో ఎక్కించి, తను వెనకాల కిటికీ తెరుచుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఆవిడ దిండూ దుప్పటీ ఆవిడ కళ్ళముందే తగలబెట్టించాడు.

ఆదివారం పొద్దున్నే బట్టల సంచి గుమ్మం బయట పెట్టాడు. "కపిలేశ్వరపురం వెళ్ళిపో. మీ అన్నయ్యకి ఫోన్ చేసేను."

"రేపు కీమో పెట్టుకుని ఇవాళ వెళ్ళిపోమంటారేంటండీ?" పద్మావతి అడిగింది. "పక్కన మనిషి ఉండాలని డాక్టరమ్మ గారు చెప్పేరు కదండీ."

"నోటికి కొంగు అడ్డం పెట్టుకు మాట్లాడు!"

తమ్ముడు బుజ్జిబాబు ఉండబట్టలేకపోయాడు. "ఏంటన్నయ్యా ఇది? ఇలాంటప్పుడు వదిన్ని గెంటేస్తావా? సిగ్గులేదూ?"

"ఇలాంటప్పుడే గెంటాలి. నువ్వు మధ్యలో రాకు."

"ఆయ్, వెళ్తానండి" అని పద్మావతి సంచి తీసుకుంది. ఆటో ఎక్కాక కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. అతగాడు మాత్రం ఆవిడ చెయ్యి తగిలిన గేటుని ఫినాయిలుతో కడుగుతున్నాడు. థూ, ఏం మనిషి!

సోమవారం ఆసుపత్రిలో "తోడు ఎవరూ రాలేదాండీ?" అని నర్సు శాంతి అడిగితే, గోవిందరాజులు మంచం మీద పడుకుని కీమో సూదికి చెయ్యి చాపుతూ, "మా ఆవిడ ఉందండీ, దాని ఎంగిలి వల్లే నాకీ జబ్బు అంటుకుందని నిన్నే పుట్టింటికి తోలేసేను" అన్నాడు.