తొమ్మిదో ఉత్తరం

"నా నాటకాలు ఆపమని ఎనిమిది ఉత్తరాలు వెళ్లాయి. ఎనిమిదిసార్లూ పోలీసులొచ్చారు. రాసుకో," అన్నాడు నాటకకర్త.

విలేకరి రాసుకున్నాడు. అతను ఆయన జీవితచరిత్ర రాస్తున్నాడు. పత్రికలు ఆయనకు పెట్టిన పేరు కొరివి. ఆ పేరు వినపడితే చాలు, ఆయన మీసం దానంతటదే పైకి లేస్తుంది.

"ఆ ఉత్తరాలు రాసిందెవరు మాస్టారూ?"

"నిజం భరించలేని సంఘం."

"సంతకం ఉండదు. కానీ తెర లేవకముందే ఫలానా పేజీలో ఫలానా మాట తప్పు అని ఉంటుంది. స్క్రిప్టు చూసినవాళ్లే రాయాలి కదా?"

"మొత్తం స్క్రిప్టు నేనూ, తెరచాటున మాటలందించే ప్రాంప్టరూ తప్ప ఎవరూ చూడరు. నటులకు ఎవరి మాటలు వాళ్లకే ఇస్తాను. వాడు నాటకం నడుస్తుంటేనే నిద్రపోతాడు."

"మరి... మీరే రాసుకుంటారని ఊళ్లో అంటున్నారు."

"అననీ." మీసం లేచింది.

కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఆయన భార్య కొత్త నాటకానికి శుభ్రప్రతి రాస్తోంది. కోడి కెలికినట్టుండే ఆయన రాతను ముప్పై ఏళ్లుగా అక్షరాలు చేస్తున్నది ఆమే.

"ఏవండీ, మూడో అంకం తీసేయమన్నాను," అంది తలెత్తకుండా.

"మళ్లీ మొదలెట్టావా?"

"ఆసుపత్రిలో మన పాపతో నేనన్న మాటలవి. అది కళ్లు మూసేదాకా అన్నాను. మీరప్పుడు రిహార్సల్లో ఉన్నారు. ఇంటికొచ్చి ఏమన్నావని అడిగితే, బాధపడుతున్నారు కాబోలనుకుని చెప్పాను."

"అక్షరం పోకుండా పెట్టాను కదే! ఏ మొగుడు పెడతాడు?"

విలేకరి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆయన నాటకాలు సంఘం మీద కొరడా దెబ్బలు."

"సంఘం ఎక్కడుంది బాబూ? మొదటిదాంట్లో మా నాన్న తాగుడు. రెండోదాంట్లో మా చెల్లి లేచిపోవడం. మిగతావన్నీ మా పుట్టిల్లే. ఇప్పుడు నా కడుపుకొచ్చారు."

"దాని మాటలకేంగానీ, ఇది రాసుకో," అన్నాడు నాటకకర్త విలేకరితో. "ఆ ఉత్తరాలు రాసేవాడెవడో గానీ, వాడికి దండ వెయ్యాలి. వాడు ఆపమని రాస్తాడు, జనం విరగబడి వస్తారు. అదే మెచ్చుకుంటూ రాశాడనుకో, నా పని అయిపోయినట్టే!"

భార్య కలం ఆగింది.

"ఏం, సిరా అయిపోయిందా?"

"లేదు. ఇంకా ఉంది."

నెల తిరిగేసరికి కొత్త నాటకం మొదటి ప్రదర్శన. మూడో అంకం అలాగే ఉంది. నాటకకర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని హాలు మెట్ల మీద నిలబడ్డాడు. ఫొటో తీసేవాణ్ణి తనే పిలిపించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ జీపు దిగగానే బేడీల కోసం రెండు చేతులూ ముందుకు చాచాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ చేతుల్ని పట్టుకుని ఊపాడు.

"శుభాకాంక్షలు గురువుగారూ! ఈసారీ ఉత్తరం వచ్చింది. ఎడమచేత్తో రాసినట్టు అదే వంకర రాత, సంతకం లేదు. కానీ ఒకటే పొగడ్త! బుద్ధులు నేర్పే నాటకమట, బడిపిల్లలకు తప్పక చూపించాలట. విద్యాశాఖకూ ఇలాంటిదే వెళ్లింది. వాళ్లు మీ పోస్టర్ల మీద ముద్ర కూడా వేయించేశారు."

నాటకకర్త పోస్టర్ వైపు తిరిగాడు. తన మీసం కింద ఎర్రటి అక్షరాలు: నీతిదాయకం, పిల్లలకు సిఫార్సు.

"ఒక్క అభ్యంతరం కూడా లేదా?" ఆయన గొంతు పీలగా వచ్చింది.

"ఒక్కటీ లేదండీ. మా ఆవిణ్ణీ పిల్లల్నీ తీసుకొద్దామనుకున్నా. విషయం తెలిసి వాళ్లు సినిమాకి పోయారు."

ఆరోజు వచ్చింది పదిహేనుమంది. రెండో అంకం ముగిసేసరికి ప్రాంప్టర్ ఒక్కడే మిగిలాడు, వాడూ నిద్రలోనే. మూడో అంకానికి తెర లేవలేదు. మర్నాడు ఒక్కరూ రాలేదు. ఆ మర్నాడు హాలుకు తాళం పడింది.

నాటకకర్త ఇంట్లో కుర్చీలో కూలబడ్డాడు. మీసం కిందికి వేలాడుతోంది. విలేకరి పుస్తకం మూసేశాడు.

"ఎనిమిదిసార్లు నన్ను నిలబెట్టిన చెయ్యి!" అన్నాడు నాటకకర్త. "దానికేం పోయేకాలం వచ్చిందయ్యా?"

ఆ చెయ్యి కిటికీ దగ్గర సిరాసీసా మూత బిగించింది.