తని లేని కచేరీ

ఆదివారం పొద్దున్నే చిన్నారావు గ్రూపులో ఒక పాత కచేరీ పెట్టాడు.

కిరండూల్ ఇనుప గనిలో ఫోర్‌మన్‌గా రిటైరైన చిన్నారావుకు ఇప్పుడున్న ఉద్యోగమల్లా ఆ వాట్సాప్ గ్రూపే. పేరు ‘రసిక సభ’. నూట పది మంది సభ్యులు. ఎక్కడ ఎవరు పాడుతున్నారో, ఎవరి దగ్గర ఏ పాత రికార్డింగ్ ఉందో అందులోనే తెలుస్తుంది. ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో మాత్రం చిన్నారావు ఇష్టం.

ఆ రోజు పెట్టింది మామూలు కచేరీ కాదు. ముప్పై ఏడేళ్ల కిందట ఇదే గని టౌన్‌షిప్ క్లబ్బులో ఒక విశాఖ విద్వాంసుడు పాడినది. క్లబ్బు పాత సెక్రటరీ ఊరు వదిలి వెళ్తూ ఆ క్యాసెట్ చిన్నారావు చేతిలో పెట్టాడు. దానికి ఇంకో కాపీ లేదు.

‘తని ఆవర్తనం కత్తిరించాను. ఫైలు తేలికైంది’ అని కింద రాశాడు.

పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే ఆ పావుగంటలో సభలో సగం మంది లేచి కాఫీకి పోతారు. మన చిన్నారావు కూడా ఆ బాపతే.

అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. కొత్తగా చేరిన ఒక నంబరు నుంచి మాత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆడగొంతు.

“సార్, మాది ఆవపల్లి. ఉప్పలమ్మ అంటరు. తని ఎందుకు తీసిండ్రు? అది గూడ పెట్టుండ్రి సార్.”

చిన్నారావుకు చిర్రెత్తింది.

‘ఇది శాస్త్రీయ సంగీతం గ్రూపమ్మా. మోత కావాలంటే పెళ్లి ఊరేగింపుకి పో’ అని రాశాడు.

నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. ఒక్కరైనా అదేం మాట అనలేదు.

మర్నాడు ఆమె మళ్లీ అడిగింది. మూడో రోజూ అడిగింది. నాలుగో రోజు ఆమెను గ్రూపులోంచి తీసేసి, నంబరు బ్లాక్ చేసి చేతులు దులుపుకున్నాడు.

ఐదో రోజు ఆమె ఇంటికే వచ్చింది. యాభై దాటిన మనిషి. మూడు బస్సులు మారి, క్లబ్బు దగ్గర అడిగి ఇల్లు కనుక్కుని వచ్చింది.

“చిన్నారావు సార్ తమరేనా?”

“నేనే. ఏటి కావాలి?”

“తని, సార్.”

చిన్నారావు కళ్లెర్రజేశాడు. “ఇంటిదాకా వచ్చీసావా!”

“కోపం చెయ్యకుండ్రి. నాకు ఒక చెవి పోయింది. రెండోది గూడ పోతదని జగదల్‌పూర్ డాక్టరు చెప్పిండు. పూరాగ పోకముందు ఒక్కసారి ఆ తని ఇంట సార్. నా చేతికి ఇచ్చుడు ఒద్దు. మీ ఇంట్లనే పెట్టుండ్రి, నేను గడప బయటనే కూసుంట.”

“చెవులు పోయే మనిషికి కచేరీలేటి?”

ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. చిన్నారావు ఊరుకోలేదు.

“అందులో వాయించినోడు నీ మొగుడేటి?”

“కాదు సార్.”

“మరి?”

“మా నాయిన అప్పుడు గీ క్లబ్బుల వాచ్‌మన్ సార్. ఆ దినం...”

“వాచ్‌మనా!” చిన్నారావు పగలబడి నవ్వాడు. “అంత పెద్దాయన పక్కన వాచ్‌మన్ కూకుని వాయించాడా? ఎవడికి చెప్తావమ్మా ఈ కబుర్లు?”

“గట్ల కాదు సార్, ఒక్క మాట ఇనుండ్రి...”

“క్యాసెట్ లేదు. పారేశాను. వెళ్లు.”

తలుపు వేశాడు. క్యాసెట్ లోపల బీరువాలోనే ఉంది.

“పాపం, ఒక్కసారి వినిపించీకూడదా?” అంది భార్య గంగారత్నం.

“నువ్వు నోరు ముయ్యి. ఈవేళ వాచ్‌మన్ కూతురు, రేపు ఊడ్చేవాడి కొడుకు. వాకిట్లో క్యూ కడతారు.”

ఉప్పలమ్మ చాలాసేపు మెట్ల మీద కూర్చుంది. బస్సు వేళకు లేచి వెళ్లిపోయింది. కిటికీలోంచి అంతా చూస్తూ కూడా చిన్నారావు కదల్లేదు. ఏం మనిషో!

సోమవారం కబాడీవాడు వచ్చాడు. ఆమె మళ్లీ వస్తే తన మాట అబద్ధం కాకూడదని, పాత పేపర్లతోపాటు ఆ క్యాసెట్‌నూ వాడి సంచిలో పడేశాడు. పాట ఎలాగూ ఫోన్‌లో ఉందిగా అనుకున్నాడు.

రెండు వారాలకు మంచి కబురు తెలిసింది. ఆ విద్వాంసుడే వచ్చే నెల పక్కనే ఉన్న బచేలిలో పాడుతున్నారట. చిన్నారావు సంబరపడిపోయాడు. గ్రూపులో అందరికంటే ముందు ప్రకటించి, ఆయన నంబరు సంపాదించి, పాత కచేరీ పంపాడు.

సాయంత్రానికి ఆయనే ఫోన్ చేశారు.

“బాబూ, తని ఏదీ?”

“అది... తీసేశానండి.”

“పోనీ, అసలు క్యాసెట్ ఉంది కదా?”

“లేదండి.”

ఈసారి అది నిజం.

ఆయన జరిగింది చెప్పుకొచ్చారు.

“ఆ రోజు నాకు మృదంగం వాయించే ఆయన ఎక్కిన రైలు, ఘాట్‌లో బండలు పడి అరకు దగ్గరే ఆగిపోయింది. కచేరీ మానేద్దామనుకున్నాం. అప్పుడు దొరికాయయ్యా నాకు ఆ చేతులు! యాభై ఏళ్లుగా పాడుతున్నాను, అలాంటి తని మళ్లీ వినలేదు. ఇంకో కచేరీకి పిలుద్దామని కబురు పెడితే, ఊళ్లో లేరన్నారు. మీ దగ్గర క్యాసెట్ ఉందని తెలిసి ఎంత ఆశపడ్డానో! ఇంతకీ, వాయించింది ఎవరో తెలుసా మీకు?”

మెట్ల మీద కూర్చున్న మనిషి చిన్నారావు కళ్ల ముందు మెదిలింది. సిగ్గుతో గొంతు తగ్గించాడు.

“క్లబ్బు వాచ్‌మన్ అనుకుంటానండి.”

“వాచ్‌మన్ హాలు తలుపులు తీశాడు బాబూ. వాయించింది ఆయన కూతురు, పదహారేళ్ల ఉప్పలమ్మ.”